పొట్ట బిగవట్టకుండ్రి సార్

రెజిమెంటల్ బజార్లో ఇత్తడి సామాన్ల కొట్లు దాటి లోపలికి పోతే, సందు మూలమీద 'తిరుమల్ జెంట్స్ టైలర్స్' అని బోర్డు కనిపిస్తుంది. ఆ బోర్డు కింద మొన్నమొన్నటి దాకా ఒక పరదా వేలాడేది. పూలపూల పాత దుప్పటి అది. పరదాకు ముందు తిరుమల్, వెనక అతని భార్య పుష్పమ్మ. ముందున్నాయన మెడలో టేపు, వెనకున్నామె చేతిలో కత్తెర. గిరాకీకి వచ్చినవాళ్ళకు ముందున్నాయన ఒక్కడే కనిపించేవాడు.

పని జరిగే తీరు కూడా చెప్పాలి. మనిషి వచ్చి నిలబడతాడు. తిరుమల్ టేపు చుట్టి, "నడుము ముప్పై ఆరు, సీటు నలభై, లెంగ్త్ నలభై ఒకటి" అని గొంతెత్తి పాడినట్టు చెప్తాడు. పరదా వెనక పుష్పమ్మ సుద్దముక్కతో ఆ అంకెలను గుడ్డ అంచు మీద రాసుకుంటుంది. లోపల ఎవరో ఉన్నారని అందరికీ తెలుసు. ఇంటామె, కాజాలు గుండీలు కుడుతుంది కాబోలు అనుకునేవారు. ఆ అనుకోవడాన్ని తిరుమల్ ఎన్నడూ దిద్దలేదు. పుష్పమ్మా దిద్దలేదు. దిద్దితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

నిజం ఏమిటంటే, ఆ దుకాణంలో ఏళ్ళ తరబడి ప్రతి ప్యాంటూ కోసింది పుష్పమ్మే.

తరతరాలుగా బట్టలు కుట్టే మేరోళ్ళ ఇల్లు అది. ఆమె కోడలుగా వచ్చిన కొత్తలోనే అత్త విజయమ్మ ఇంటి కట్టడి చెప్పేసింది. కత్తెరా టేపూ మగవాళ్ళవి, సూదీ దారం ఆడవాళ్ళవి. దసరానాడు దుకాణంలో మిషన్లకూ కత్తెరకూ బొట్టు పెట్టి పూజ చేశాక, టేపు తీసి ఇంటి పెద్ద మగవాడి మెడలో వేస్తారు. ఆడవాళ్ళు హారతి పడతారు. ఆడది కొత్త గుడ్డ మీద కత్తెర పెడితే దుకాణానికి గిరాకీ రాదట. ఆ 'అట' ఎవరు పుట్టించారో అడిగితే మాత్రం చెప్పే దిక్కు లేదు.

ఒక పెళ్ళిళ్ళ సీజన్లో తిరుమల్‌కు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాడు. కోయని గుడ్డలు దుకాణంలో గుట్ట పడ్డాయి. రోజూ మనుషులొచ్చి అరిచిపోతున్నారు. ఒక మధ్యాహ్నం అత్త కునుకు తీస్తున్నప్పుడు పుష్పమ్మ షట్టరు సగం దించి, గుడ్డ పరిచి, కొలతకిచ్చిన ఆది ప్యాంటు పక్కన పెట్టుకుని, కత్తెర ఆడించింది. మొదటి గుడ్డకు సుద్దగీత రెండుసార్లు చెరిపి గీసింది. తర్వాతి వాటికి ఒక్క గీతే. ఇన్నేళ్ళు కాజాలు కుడుతూ కుడుతూ, మొగుడు ఎక్కడ వంపు తీస్తాడో, ఎక్కడ తప్పు చేస్తాడో అన్నీ కళ్ళతో నేర్చేసుకుంది ఆమె. ప్యాంట్లు తీసుకుపోయినవాళ్ళు మళ్ళీ వచ్చి, తిరుమల్, ఈసారి ఫిట్టింగ్ అదిరిపోయిందని మెచ్చుకున్నారు. తిరుమల్ ఆ మెప్పును మంచం మీద నుంచే అందుకున్నాడు.

జ్వరం తగ్గాక కత్తెర తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు. నీ చెయ్యే మంచిగున్నది, నువ్వే కొయ్యి, కాని బయట అనకు అన్నాడు. ఆ వారమే పరదా కట్టాడు. గిరాకీ తగ్గలేదు కనక విజయమ్మా చూసీ చూడనట్టుండిపోయింది. సొమ్మొకరిది సోకొకరిది అంటారే, అదీ సంగతి. బజారంతా 'తిరుమల్ కటింగ్' అని పేరు మోగిపోయింది.

తిరుమల్ చెడ్డవాడు కాడు, ఆ మాట చెప్పుకోవాలి. తాగుడు లేదు, చెయ్యెత్తడం లేదు. నీ కటింగ్ ముందర నాదేపాటిదే అని ఇంట్లో బాహాటంగానే ఒప్పుకునేవాడు. గడప దాటితే మాత్రం ఆ మాట ఎత్తేవాడు కాదు.

సందుకు అవతలివైపు వేణుమాధవ్ దుకాణం. అతను లేడీస్ టైలర్. పొద్దస్తమానం ఆడవాళ్ళకు కొలతలు తీస్తాడు. అత్తలు కోడళ్ళను వెంటబెట్టుకొస్తారు, తల్లులు కూతుళ్ళను తోడు తెస్తారు. ఎవరికీ తప్పనిపించదు. పుష్పమ్మ జాకెట్లూ అతనే కుడతాడు. అలాగని అతనికి సుఖం ఉందా అంటే అదీ లేదు. పాన్ డబ్బా దగ్గర నిలబడ్డ మగవాళ్ళు అతన్ని చూసి ఇకిలిస్తారు, నీదే నౌకరి అంటే అని కన్ను కొడతారు. ఆడోళ్ళ జాకెట్లు కుట్టేవాడికి పిల్లనెట్ల ఇస్తామని రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. టేపుకు ఒకవైపు ఇంచీలు, రెండోవైపు సెంటీమీటర్లు ఉంటాయి కదా. ఒకే నడుముకు ఇటు తిప్పితే ఒక అంకె, అటు తిప్పితే ఒక అంకె. మగవాడికొకటి ఆడదానికొకటి చెప్పే లోకం లెక్క కూడా అంతే.

సరే, కథ అడ్డం తిరిగింది తిరుమల్ కళ్ళ దగ్గర.

అతనికి షుగర్ ఉంది. అది కళ్ళకు ఎక్కింది. టేపు మీది సన్న గీతలు అలుక్కుపోయాయి. ఆ సంగతి ఎవరికైనా చెప్పాడా? చెప్తే ఇంకేముంది, జెంట్స్ టైలర్ గుడ్డివాడయ్యాడంటారు. అందుకని మనిషిని పైకీ కిందికీ చూసి, అలవాటు మీద ఉజ్జాయింపుగా ఒక అంకె పాడేసేవాడు. పుష్పమ్మకు త్వరలోనే అనుమానం వచ్చింది. పరదాలో రెండు పూల మధ్య చిన్న చిరుగు ఉంది. దానికి కన్ను ఆనించి చూసింది. తిరుమల్ ముప్పై నాలుగు అని పాడుతున్నాడు, ఎదురుగా ఉన్న మనిషి నడుము ముప్పై ఆరుకు ఇంచు తక్కువ లేదు. ఆమె మాట్లాడకుండా ముప్పై ఆరు రాసుకుంది. ఆ ప్యాంటు చక్కగా పట్టింది. కళ్ళు చూపించుకోమని ఇంట్లో అంటే తిరుమల్ కస్సుమన్నాడు. అప్పట్నుంచి నెలల తరబడి ఆయన నోటికొచ్చింది పాడడం, ఈమె చిరుగులోంచి చూసి దిద్దుకోవడం. దుకాణం పరువు ఆ చిరుగు మీదే నిలబడింది.

చిరుగు దగ్గర ఆమె లేని రోజు ఒకటి రానే వచ్చింది. బంధువుల ఇంట్లో ఎవరో పోతే చూడ్డానికి బొల్లారం పోయింది. ఆ రోజే వరహాలబాబు వచ్చాడు. పాలకొండ నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, కార్ఖానా బస్తీలో ఇల్లు. ప్యాంటు కుట్టించుకుంటే ఈ దుకాణంలోనే. అతని రిటైర్మెంట్ ఫంక్షన్, కాఫీరంగు గుడ్డ తెచ్చాడు. ఈ ఏడాదిలో బాగా ఒళ్ళు చేశాడు. తిరుమల్ టేపు చుట్టి, అంకె కనిపించక, ఏళ్ళనాటి పాత కొలతే గుర్తు చేసుకుని పాడేశాడు. మర్నాడు అదే అంకె పుష్పమ్మకు చెప్పాడు. ఈసారి మనిషిని కళ్ళతో చూడలేదు కనక, ఆమె చెప్పింది చెప్పినట్టు కోసింది.

ఫంక్షన్ ముందు రోజు వరహాలబాబు ప్యాంటు పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. గుండీకీ కాజాకీ మధ్య బెత్తెడు దూరం.

"ఇదేటి తిరుమల్? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఇలగయిందా? నీ చెయ్యి కాదిది. ఆడోళ్ళ చేత కోయించీసినావేటి?"

తిరుమల్ నేల చూపులు చూస్తున్నాడు. పరదా వెనక పుష్పమ్మ చిరుగుకు కన్ను ఆనించి నిలబడింది. ఇప్పుడంటాడు, తప్పు నాది సార్, కళ్ళు కనబడక అంకె తప్పు చెప్పిన అని ఇప్పుడంటాడు అని చూసింది. తిరుమల్ అనలేదు. మౌనం ఒక్కోసారి చాడీ కంటే చెడ్డది.

ఆమె పరదా పక్కకు నెట్టి బయటికొచ్చింది. కోసింది నేనే సార్, ఇదొక్కటే కాదు, ఇన్నేళ్ళ సంది మీరు తొడుగుతున్న ప్రతి ప్యాంటు నేనే కోసిన, వెనక కుట్టు దగ్గర గుడ్డ వదిలిపెట్టిన, నిలబడుండ్రి, కొలిచి సాయంత్రానికి లూజు చేసిస్త అని టేపు చేతిలోకి తీసుకుంది. వరహాలబాబు నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు. మిషను తగిలి పడబోయాడు. తేరుకున్నాక అన్న మాట ఇదీ.

"అదీ సంగతి! అందుకే ఇలగై కూర్చుంది."

ప్యాంటు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పుష్పమ్మకు ఒళ్ళంతా మండిపోయింది. కుదిరిన ప్యాంట్లన్నీ తిరుమల్ చెయ్యి, కుదరని ఒక్కటీ ఆడదాని చెయ్యి! తిట్టిపోయిన మనిషి మీద కంటే, కుర్చీలో తల దించుకున్న మనిషి మీద ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ఏడవలేదు, అలగలేదు. పళ్ళెంలో అన్నం పెట్టుకుని కూర్చుని, రేపటి నుంచి టేపు నా మెడల ఉంటది, పరదా ఉండదు, పొద్దుగాల కంటి దవాఖానకు పోదాం అని చెప్పింది. అడగడం కాదు, చెప్పడమే. తిరుమల్ కూర కలుపుకుంటూ ఉండిపోయాడు. విజయమ్మ మాత్రం ఊరుకోలేదు.

"పరాయి మొగోళ్ళ నడుములకు చేతులేస్తవా? మన ఇంట్ల ఎవరన్న చేసిండ్రా గిట్ల?"

"నా జాకెట్టు కొలత ఇన్నేండ్ల సంది వేణన్ననే తీస్తుండు గదత్తా. పక్కపొంటి నిలవడి, జెర లూజు పెట్టు నాయినా అని చెప్పింది నువ్వే. ఆయన కొలిస్తే పని, నేను కొలిస్తే పాపమా?"

విజయమ్మ దారి మార్చింది. మనవరాలు సృజన మీదికి పోయింది. పిల్లకు సంబంధాలొస్తున్నాయి, తల్లి మొగోళ్ళ నడుములు కొలుస్తదంటే ఎవడొస్తడు అంది. సృజన బేగంపేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. అప్పుడే మెట్రో దిగి వచ్చి చెప్పులు విప్పుతోంది. గసొంటోడు రాకుంటెనే మంచిది నానమ్మా అనేసి మొహం కడుక్కోవడానికి పోయింది. ఇక విజయమ్మ చివరి మాట తీసింది. దుకాణం గది ఆమె పేరు మీద ఉంది. సెల్‌ఫోన్ల వాళ్ళు కిరాయికి అడుగుతూనే ఉన్నారు. దసరా దాకా చూస్త, దుకాణం నడిస్తే నడిచింది, లేకుంటె వాళ్ళకిచ్చేస్త, నువ్వు ఇంట్ల కూసోని చీరలకు ఫాల్ కుట్టుకో అంది.

పుష్పమ్మ సరే అంది. మర్నాడు పరదా పీకి, మడిచి, ఇస్త్రీ బల్ల మీద పరిచింది.

డాక్టరు తిరుమల్ కళ్ళు చూసి, ఉన్న చూపు నిలబెడతాం గాని సన్న గీతలు ఇక కనబడవన్నాడు. తిరుమల్ ఇంటి పట్టున ఉండిపోయాడు. దుకాణంలో పుష్పమ్మ మెడలో టేపు వేసుకుని ఒక్కతే నిలబడింది. ఇక చూడాలి తమాషా. వచ్చినవాళ్ళు గడప మీదే ఆగి, సార్ లేడా అని అడుగుతారు. లేడంటే, ఆది ప్యాంటు తెచ్చిస్తమని పోతారు, మళ్ళీ రారు. ధైర్యం చేసి నిలబడ్డవాళ్ళు పోలీసుకు దొరికినట్టు రెండు చేతులూ పైకెత్తి, కప్పు కేసి చూస్తారు. ఇంకోపక్క ఆడవాళ్ళు సంతోషంగా జాకెట్టు గుడ్డలు పట్టుకుని వచ్చేవారు. ఆడమనిషివి కూసున్నవు, ఇగ మాకేం ఫికర్ లేదు అనేవారు. నాకు జాకెట్టు కుట్టరాదమ్మా, ఎదురుంగ వేణన్న మంచిగ కుడతడు, పోండ్రి అంటే నోరు తెరిచేవారు. ఆడదానికి జాకెట్టు కుట్టరాకపోవడమేమిటి! ఒకామె అయితే జాలిగా చూసి పోయింది.

వచ్చిన కొద్దిమందికైనా పని బాగా కుదిరిందా అంటే, అక్కడే పెద్ద దెబ్బ తగిలింది. పుష్పమ్మ స్వయంగా కొలిచి, స్వయంగా కోసిన ప్యాంట్లు వరుసగా వెనక్కి వచ్చాయి. అన్నీ నడుము దగ్గర బిగుతే. ఇప్పుడు తిరుమల్ కళ్ళ మీద నెట్టడానికి లేదు. చూసినవా, ఆడదాని చెయ్యి అని బజార్లో మళ్ళీ అదే పాట. ఆమెకు మొదటిసారి భయం వేసింది. టేపు సాగిందేమోనని ఇనుప స్కేలు పెట్టి కొలిచింది. సాగలేదు. కత్తెర చూసింది, బాగానే ఉంది. అయినా వచ్చిన ప్రతి ప్యాంటూ ఊరికే విప్పి, వెనక వదిలిన గుడ్డ లాగి లూజు చేసి ఇచ్చింది. పంపేటప్పుడు, మళ్ళ బిగుతైతే మళ్ళ తేండ్రి, నేనెక్కడికీ పోను అని చెప్పింది.

తప్పెక్కడో అద్దం చెప్పింది. వచ్చినవాళ్ళు తమను చూసుకోవడానికి గోడకు నిలువుటద్దం ఉంది. ఒకరోజు ఆమె తల వంచి గుడ్డ కోస్తూ, ఆ అద్దంలో బయట చెప్పులు విడుస్తున్న మనిషిని చూసింది. పొట్ట బెల్టు మీదుగా దర్జాగా వాలి ఉంది. అదే మనిషి లోపలికొచ్చి ఆమె ముందు నిలబడేసరికి పొట్ట మాయం! ఛాతీ పొంగింది, కడుపు వీపుకు అతుక్కుంది. ఆమె కొలిచింది, అతను రసీదు తీసుకుని గడప దిగాడు. దిగీ దిగగానే పొట్ట మళ్ళీ యథాస్థానానికి వచ్చేసింది. పుష్పమ్మ కత్తెర బల్ల మీద పెట్టి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తిరుమల్ ముందు వదులుగా నిలబడే మగాళ్ళందరూ ఆడమనిషి ముందు పొట్ట బిగబట్టుకుంటున్నారు. ఇంటికి పోయి పొట్ట వదిలితే ప్యాంటు పట్టదు. తప్పు మాత్రం టేపుది, టేపు పట్టిన ఆడదానిది!

ఎదురుగా పోయి వేణుమాధవ్‌కు చెప్తే, అతనూ నవ్వాడు.

"నీకిప్పుడు తెలిసిందా చెల్లె? ఆడోళ్ళు సుత నా ముంగట గంతే. నేను ముచ్చట్ల వెడత. ముచ్చట చెప్పుకుంట ఎవరూ ఊపిరి బిగవట్టలేరు."

ఇకిలించేవాళ్ళ సంగతేంది అన్నా అని ఆమె అడిగింది. వేణుమాధవ్ దారం కొరికి, వాళ్ళు ఇకిలిస్తనే ఉంటరు, నా పని నేను చేసుకుంటనే ఉన్న, వాళ్ళ పెండ్లాలే నా దగ్గరికొస్తరు గద అన్నాడు. అన్నాక మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. ఆ మాట చెప్పగలగడానికి అతనికి ఎన్ని రోజులు పట్టిందో పుష్పమ్మకు అర్థమైంది.

అప్పట్నుంచి ఆమె టేపు వదులుగా చుట్టి పట్టుకుని, ఇంట్ల ఇయ్యాల ఏం కూర సార్ అని అడగడం మొదలుపెట్టింది. మగవాడికి కూర మీద ఏదో ఒక అభిప్రాయం ఉండకపోదు. బీరకాయా అని ఒకడు మూతి విరుస్తాడు, తలకాయ కూర అని ఒకడు మురిసిపోతాడు. మాటలో పడగానే పొట్ట దానంతటది జారుతుంది, ఆమె చటుక్కున అంకె చూసుకుంటుంది. మరీ మొండివాళ్ళుంటే మొహం మీదే చెప్పేది, పొట్ట బిగవట్టకుండ్రి సార్, ఇక్కడ బిగవడితె ఇంటికాడ గుండీ పట్టది అని. మొదట్లో మొహాలు ఎర్రబడేవి. తర్వాత నవ్వేవారు. ప్యాంట్లు వెనక్కి రావడం ఆగిపోయింది. పోయినవాళ్ళలో కొందరు తమ్ముళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. అయినా దసరా దగ్గర పడుతున్నకొద్దీ గిరాకీ సగమే ఉంది, సెల్‌ఫోన్ల వాళ్ళు వచ్చి గది చూసుకుని పోయారు. పుష్పమ్మ రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తుతూనే ఉంది.

ఇక్కడ తిరుమల్ సంగతి ఒకటి చెప్పాలి. ఇంటి పట్టున ఉన్నవాడు ఊరికే ఎన్నాళ్ళుంటాడు? వంటింట్లోకి దూరాడు. కంటికి సన్నగీతలు అక్కర్లేని పని అది. చూస్తుండగానే బగారన్నం, పచ్చిపులుసు, అన్నీ పట్టుబడ్డాయి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా దుకాణానికి తెచ్చేవాడు. ఎలా తెచ్చేవాడనుకున్నారు? కోట్లు పెట్టే జిప్పు కవరులో! బజార్లో ఎవరైనా చూస్తే, ఏదో సూటు డెలివరీకి పోతున్నాడు అనుకోవాలి. పెళ్ళానికి అన్నం మోస్తున్నాడని తెలిస్తే మగతనం ఏమైపోను! పుష్పమ్మ ఆ జిప్పు తీసి డబ్బా అందుకున్నప్పుడల్లా నవ్వు, కోపం రెండూ వచ్చేవి. నలుగురి ముందు ఆ జిప్పు ఆయనే తీయాలి అనుకునేది.

దసరా వచ్చింది. పొద్దున్నే దుకాణం కడిగి, మామిడాకులు కట్టి, మిషన్లకు పసుపు కుంకుమ పెట్టారు. విజయమ్మ పట్టుచీర కట్టుకొచ్చి కుర్చీలో కూర్చుంది. రేపు సెల్‌ఫోన్ల వాళ్ళకు మాటిచ్చే రోజని అందరికీ తెలుసు. పూజయ్యాక ఆనవాయితీ ప్రకారం విజయమ్మ టేపు తీసి కొడుకు మెడలో వేసింది. ఇన్నాళ్ళూ పుష్పమ్మ మెడలో తిరిగిన టేపు మళ్ళీ పోయి తిరుమల్ మెడలో కూర్చుంది. పుష్పమ్మ హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది.

సరిగ్గా అప్పుడే గడప మీద వరహాలబాబు ప్రత్యక్షమయ్యాడు. చేతిలో గుడ్డ సంచి. వచ్చే వారం అన్నగారి అబ్బాయి పెళ్ళి. మధ్యలో ఇంకెక్కడో కుట్టించుకున్నవి ఏవీ నప్పలేదట. ఆ రిటైర్మెంట్ రోజు కూడా, అంతకు ముందుసారి ఇక్కడ కుట్టించుకున్న బూడిదరంగు ప్యాంటే వేసుకెళ్ళాడట. అంత సుఖమైన ప్యాంటు కుట్టినోడిని వదిలి ఊరంతా తిరుగుతారేటని భార్య రాజులమ్మ చీవాట్లు పెట్టిందట. ఇదంతా చెప్పి, తిరుమల్ మెడలో టేపు చూసి అతని మొహం విప్పారింది.

"హమ్మయ్య, టేపు నీ దగ్గరే ఉందన్నమాట. నువ్వే కొలవాలి తిరుమల్. నీ చెయ్యి నీ చెయ్యే."

తిరుమల్ టేపు రెండు కొసలూ పట్టుకున్నాడు. తల్లి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. పుష్పమ్మ చూపు తిప్పుకోలేదు, సాయం చేయలేదు. ఈ మాట తన నోటితో తాను ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పవలసింది ఆమె కాదు.

"నాకు అంకెలు కానొస్తలేవు సార్. ఏడాదయింది. ఆ కాఫీరంగుది తప్పు చెప్పింది నేను, ఆమె చెప్పినట్టు కోసింది. ఆ బూడిదరంగు దానికి సుత నేను తప్పే చెప్పిన. పరదా చిరుగుల నుంచి మిమ్ముల చూసి, ఆమె సరిగ్గ కోసింది. నా చెయ్యి కాదు సార్ అది. ఎన్నడూ కాదు."

వరహాలబాబు సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పుష్పమ్మ వైపు చూడలేక, ఏదో ఒకటి అనాలి కనక, మరి నువ్వేటి చేస్తున్నావు తిరుమల్ అని అడిగాడు.

"వంట చేస్తున్న సార్. బగారన్నం మంచిగ చేస్త." మిషను పక్కనున్న కోటు కవరు తీసి, జిప్పు బర్రున లాగి, టిఫిన్ డబ్బా తీసి బల్ల మీద అందరికీ కనబడేట్టు పెట్టాడు. తర్వాత మెడలోని టేపు తీసి పుష్పమ్మ మెడలో వేశాడు. విజయమ్మ కుర్చీలోంచి సగం లేచింది, మళ్ళీ కూర్చుంది.

పుష్పమ్మకు కళ్ళు చెమర్చాయి. ఆ నీళ్ళను రెప్పల దగ్గరే ఆపేసి, గిరాకీని ఆగబెట్టే అలవాటు ఆమెకు లేదు కనక, హారతి పళ్ళెం పక్కన పెట్టింది. చేతులు జెర పైకి లేపుండ్రి సార్ అంది. వరహాలబాబు ఈసారి వెనక్కి గెంతలేదు. చేతులెత్తి, కప్పు కేసి చూస్తూ, పొట్ట వీపుకు అతికించుకుని నిలబడ్డాడు.

"ఇంట్ల ఇయ్యాల ఏం కూర సార్?"

వరహాలబాబు కాసేపు బిగదీసుకునే ఉన్నాడు. టిఫిన్ డబ్బా వైపు చూశాడు. "మా రాజులమ్మ పుట్టింటికెళ్ళిందమ్మా. నాలుగు రోజులై నేనే వండుకుంటున్నాను. చారు పెడదామంటే అది చారు అవ్వడం లేదు, ఎవరితోటి చెప్పుకోను?" అన్నాడు. అని పెద్దగా ఊపిరి వదిలాడు. పొట్ట నిండుగా, నిజాయితీగా జారి టేపులో కూర్చుంది. చింతపండు ముందుగాల నానబెడుతున్నరా సార్ అని తిరుమల్ వెనక నుంచి అడిగాడు.

పుష్పమ్మ అంకె చూసుకుంది. ఇన్నేళ్ళు పరదా వెనక విని, ఈమధ్య ఒక్కతే కొలిచి మనసులోనే చదువుకుని రాసుకున్న అంకెను, ఈ రోజు పైకి పాడాలనిపించింది. "నడుము నలభై రెండు" అంది. అన్నాక గుర్తొచ్చింది, రాసుకోవడానికి లోపల ఎవరూ లేరు. తిరుమల్‌కు కనబడదు. టేపు పట్టుకుని అలాగే నిలబడింది.

కుర్చీ కిర్రుమంది. విజయమ్మ లేచి, పట్టుచీర కొంగు నడుముకు చెక్కుకుని, బల్ల మీది సుద్దముక్క అందుకుంది. గుడ్డ అంచు తన వైపు లాక్కుంది. కోడలి మొహం చూడకుండా, గుడ్డనే చూస్తూ అంది.

"ఎంతన్నవ్? నాకు ఇనబడలే. జెర గట్టిగ చెప్పు."